పొగకు ఇంటిపేరు

పదకొండో పొగ సిమెంటుది. దానికి "పరిశ్రమ" అని ఇంటిపేరు పెట్టి సువర్చల పన్నెండోదాన్ని తెరమీదికి లాగింది. రేవులో పడవల డీజిలు, "రవాణా". పదమూడోది నీళ్లు నిలిచిన వరిచేలలోంచి లేచిన మీథేన్, "సేద్యం". ఆకాశంలోంచి కాపుకాసే ఉపగ్రహం నభోనేత్రం కంటబడ్డ ప్రతి పొగకూ ఇంటిపేరు ఉండాలి. విద్యుత్తు, పరిశ్రమ, రవాణా, సేద్యం, నివాసం, ఉన్నవి ఈ ఐదే. ఎవరి పేరు పడితే ఆ మేరకు వాళ్లే తగ్గించుకోవాలి. ధూమశాఖలో మూలనిర్ణేతగా పదిహేనేళ్లలో ఆమె పెట్టిన పేరు ఒక్కటీ తప్పలేదు. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

పద్నాలుగోది ఆవు.

"కొత్తలంకలో ఒక ఆవు. నెలకు రెండు రోజులు మూడువందల ఆవులంత వాయువు వదులుతోంది. రోగగ్రస్త పశువు. నాలుగింటికి నిర్మూలన," అంది శాఖలో లెక్కలు కట్టే యంత్రం, గణని.

సువర్చలకు నవ్వొచ్చింది. అలాంటి ఆవును కళ్లారా చూడకుండా చంపనివ్వడానికి మనసొప్పలేదు. సౌరబండి ఎక్కి బయల్దేరింది.

ఆవు యజమాని నూకరత్నం అనే కుమ్మరి. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా మన్ను.

"ఆవేంటండీ బాబూ! మా ఇంట్లో మేకపిల్లకే దిక్కు లేదు. ఆ మాట్లాడే పెట్టె వచ్చి నీకేముందని అడిగితే, ఆవం ఉందన్నానండి."

ఆమె వెనకాలే ఉంది ఆవం, కుండలు కాల్చే బట్టీ. గడ్డి కప్పి, మట్టి మెత్తిన గుట్ట. సందుల్లోంచి పొగ తీరుబడిగా లేస్తోంది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, ఆవం అంటే గణని ఆవు అని రాసుకుంది. లోపల కాలేవి పిడకలు కావడంతో పశువు వాసన కూడా కుదిరింది.

సువర్చల కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. తప్పు దిద్దితే ఇది "పరిశ్రమ" అవుతుంది. చిమ్నీ లేని పరిశ్రమను అక్కడికక్కడే ఆర్పాలని నిబంధన.

"ఇప్పుడు ఆర్పితే ఏమవుతుంది?"

"ఒక్కటీ మిగలదండి. అన్నీ పగిలిపోతాయి. నెల్లాళ్ల చాకిరీ అండి ఇది. మళ్లీ చెయ్యడానికి నా చేతుల్లో సత్తువ లేదు." నూకరత్నం మట్టి చేతులు చాచి చూపించింది.

ఆవు అనే ఉంచేసి వదిలేద్దామా అంటే, సువర్చల ఏనాడూ అబద్ధం రాయలేదు. పైగా నాలుగింటికి నిర్మూలన బృందం రానే వస్తుంది.

"ఇంతకీ ఇన్ని కుండలు ఎవరికమ్మా?"

"కుండలు కాదండి, మట్టి గొట్టాలు. మీకేనండి! మీ ఆఫీసు గోడల్లో పెడతారంట, చల్లగా ఉంటాదని. ఎనిమిది వందలు చెయ్యమన్నారు." పగిలిన పచ్చి గొట్టం ఒకటి తెచ్చి చూపించింది. దానిమీద ధూమశాఖ ముద్ర.

సువర్చల ఆ ముద్రను వేలితో తడిమింది. పదిహేనేళ్లుగా పొగ ఎక్కడ లేచిందని అడిగిందే తప్ప, ఎవరికోసం లేచిందని ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది. గణనిని పిలిచి నింపాదిగా చెప్పింది.

"పద్నాలుగో పొగ ఆవుది కాదు, ఆవానిది. ఇంటిపేరు పరిశ్రమ కాదు, ధూమశాఖ."

"ఆ పేరు జాబితాలో లేదు."

"చేర్చు. సరుకు ఎవరికోసమో పొగ వాళ్లది. నిర్ణయం నాది."

మూలనిర్ణేత మాటను గణని కాదనలేదు, నిర్మూలన రద్దు చేసింది. రెండు నిమిషాల్లో పై అధికారి భీమశంకరం ఫోన్ చేశాడు.

"ఏమ్మా, నీకేమైనా మతిపోయిందా? మన ఏసీలన్నీ రెండు రోజులు ఆపమని మనకే ఆర్డరొచ్చింది!"

"వస్తుందండి. పొగ మనదే కదా."

ఆయన ఇంకేదో అనేలోపే గణని గొంతు వినిపించింది. అది ఆమెను ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి.

"మిగతా పొగలకూ ఇదే వర్తిస్తుంది. ఎవరికోసమని అన్నిటినీ అడగమంటారా?"

నూకరత్నం ఆవం పక్కన కూర్చుని పొగను చూస్తోంది. సువర్చల ఆమె పక్కనే మట్టిలో చతికిలబడింది.

"అడుగు," అంది.