నెట్‌వర్క్‌లో కనిపించని డ్రైవ్

“పదకొండు మంది ప్రాణాలు ఒక్క ఫైల్లో ఉన్నాయి,” అన్నాడు చీఫ్.

మౌని తలూపాడు. రెండేళ్ల క్రితం పడవ పేలుడులో భార్య పోయాక అతను మాట్లాడటం బాగా తగ్గించేశాడు. డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరు అప్పుడే పడింది. ఆమె కూడా ఏజెంటే. శవం దొరకలేదు. ఆమె చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. తీసెయ్యమని చెప్పినవాళ్ల ఇళ్లకి వెళ్లడం మానేశాడు.

చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. విదేశీ ముఠాలో దూరి పనిచేస్తున్న మనవాళ్ల జాబితాని ఎవరో దొంగిలించారు. ఇప్పుడది ఆ ముఠా ముసుగుగా నడిపే ఒక ఎక్స్‌పోర్ట్ ఆఫీసులోని నెట్‌వర్క్ హార్డ్ డ్రైవ్‌లో ఉంది. ఫైలుకి లాక్ ఉంది. తెరవగలిగేది విదేశంలోని ముఠా పెద్దలే. రోజూ మధ్యాహ్నం పన్నెండుకి అప్‌లోడ్ దానంతటదే మొదలవుతుంది. అయితే సోమవారం నుంచి ఆ డ్రైవ్ ఏ కంప్యూటర్లోనూ కనిపించడం లేదు. బాగుచెయ్యమని వాళ్లు ఫోన్ చేసిన సర్వీసు కంపెనీ డిపార్ట్‌మెంట్ గుట్టుగా నడుపుతున్నదే. ఇవాళ పన్నెండులోపు బాగుపడకపోతే, డిస్కు ఊడదీసి మనిషి చేత పంపేస్తారు.

“బాగుచెయ్యి. నమ్మించు. చెరిపెయ్యి,” అంటూ చీఫ్ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. డిస్కుని తుడిచేసే ప్రోగ్రాం అందులో, డ్రైవ్‌ని నడిపే ఫర్మ్‌వేర్‌కి అప్‌డేట్ వేషంలో ఉంది.

పదకొండుంపావుకి మౌని టెక్నీషియన్ యూనిఫాంలో మూడో అంతస్తు ఎక్కి బెల్ కొట్టాడు. ఆఫీసు సెక్రటరీ తలుపు తీసింది. పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎర్రటి లిప్‌స్టిక్, పట్టు స్కార్ఫ్.

అతని భార్య.

భుజం మీది టూల్ బ్యాగ్ జారిపోయింది. మోకాలు అడ్డుపెట్టి ఆపుకున్నాడు. ఆమె ముఖంలో ఒక్క గీత మారలేదు. చూపుడువేలు మాత్రం బొటనవేలి గోరుని గీకుతోంది. భయం వేసినప్పుడు ఆమె చేసే పని అది.

“ఆలస్యంగా వచ్చారు,” అంది.

“అడ్రస్ తెలియదండీ. తెలిస్తే ఎప్పుడో వచ్చేవాణ్ని.”

లోపల మేనేజర్ అసహనంగా తిరుగుతున్నాడు. కోటు కింద పిస్తోలు ఉబ్బు స్పష్టంగా తెలుస్తోంది. మౌని డ్రైవ్ ముందు కూర్చున్నాడు. లైటు వెలుగుతోంది, కరెంటు సరిగానే ఉంది. కేబుల్ మార్చాడు, రౌటర్‌లో పోర్టు మార్చాడు. ఫలితం లేదు. లాప్‌టాప్‌ని నేరుగా డ్రైవ్‌కే తగిలించి చూస్తే అసలు సంగతి బయటపడింది. డ్రైవ్‌కి ఎవరో కావాలనే ఈ నెట్‌వర్క్‌కి చెందని ఐపీ అడ్రస్ ఇచ్చారు. సెట్టింగ్స్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. పాతది పనిచెయ్యడం లేదనీ, రీసెట్ నొక్కితే డేటా పోతుందేమోనని ముట్టుకోలేదనీ మేనేజర్ విసుక్కున్నాడు.

మౌని ఒక్క క్షణం ఆలోచించి, ఇంట్లో భార్యని తను పిలిచే పేరు టైపు చేశాడు. గడుగ్గాయి.

తెరుచుకుంది.

అంటే మూడు రోజులుగా అప్‌లోడ్‌ని ఆపింది ఆమే. టెక్నీషియన్‌గా అతను వస్తాడని ఆశపడిందీ ఆమే. కళ్లు మసకబారితే తుమ్మినట్టు నటించి చేత్తో తుడుచుకున్నాడు. “ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ పడింది సార్,” అన్నాడు.

అడ్రస్ సరిచేశాడు. డ్రైవ్ స్క్రీన్ మీద కనిపించింది. ఫర్మ్‌వేర్ పాతదని, అప్‌డేట్ చెయ్యకపోతే మళ్లీ మాయమవుతుందని చెప్పి పెన్‌డ్రైవ్ పెట్టాడు. పదకొండూ యాభై రెండు. మేనేజర్ గడియారం వంక చూస్తున్నాడు.

“ఇది ఇక్కడ ఎక్కువకాలం తట్టుకోదండీ,” అన్నాడు మౌని, ఆమెవైపు చూడకుండా. “ఇవాళే నాతో తీసుకెళ్లిపోతాను.”

“కుదరదు. దీన్ని నమ్ముకుని ఇంకా పదిమంది ఉన్నారు.”

“పోతే?”

“పోయిందనుకునే కదా ఇన్నాళ్లూ ఉన్నారు.” ఆమె చూపుడువేలు మళ్లీ బొటనవేలి గోరుని గీకింది. “ఇంకొన్నాళ్లు అలాగే ఉండండి.”

సరిగ్గా పన్నెండుకి ఆకుపచ్చ లైటు గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అప్‌లోడ్ ఒక శాతం. అప్‌డేట్ పేరుతో సాగుతున్న తుడిచివేత తొంభై ఆరు. అప్‌లోడ్ రెండు. తొంభై తొమ్మిది. లైటు ఎర్రగా మారింది. ఫోల్డర్ ఖాళీ.

మేనేజర్ చెయ్యి కోటులోకి వెళ్లింది. సోమవారం దీన్ని ముట్టుకున్నదెవరని అడుగుతూ సెక్రటరీ వైపు తిరిగాడు.

“మనుషుల తప్పు కాదు సార్. కరెంటు హెచ్చుతగ్గులకి డిస్కు సోమవారమే దెబ్బతింది,” అన్నాడు మౌని. అదే కారణం రిపోర్టులో రాసి సంతకం పెట్టాడు. మేనేజర్ చెయ్యి కోటులోంచి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

ఆమె తలుపు దాకా వచ్చి, థాంక్స్ చెప్పి, గడియ వేసుకుంది. మౌని మెట్ల మీద కూలబడి, శబ్దం రాకుండా యూనిఫాం చేతిని పళ్లతో కరిచిపట్టుకుని ఏడ్చాడు.

ఆ రాత్రి డిపార్ట్‌మెంట్‌లో, ఆమె బతికే ఉందని ముందే చెప్పి ఉంటే గుమ్మంలోనే దొరికిపోయేవాడివని చీఫ్ సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఆ తర్వాత, సర్వీసు కంపెనీకి సాయంత్రం అందిన కస్టమర్ ఫీడ్‌బ్యాక్ మౌని ముందుకు జరిపాడు.

రేటింగ్: అయిదుకి మూడు. డేటా కాపాడలేకపోయాడు. మనిషి కూడా చిక్కిపోయాడు, సరిగా తింటున్నట్టు లేడు. మళ్లీ ఏదైనా పాడైతే ఇతన్నే పంపండి.