ఒకే గొడుగు, ఒక కోత

అది కుర్రకారు ప్రేమ మాటలన్నీ పోగేసి నిఘంటువు వేసే ఆఫీసు. ఆఫీసంటే రెండు గదులు, ఒక ఫ్యాను. ఊరంతా తిరిగి మాటల్ని రికార్డు చేసుకొచ్చే పని కోతలరాయుడిది. వాడు కోతలు మొదలుపెడితే కొండలు కూడా బెండకాయల్లా తెగేవి. ఆ రికార్డులు విని టైపు చేసే పిల్ల చెవుల మీంచి హెడ్‌ఫోన్స్ దిగేవి కావు. అందుకే ఆమెకు చెవులమ్మ అని పేరు పెట్టాడు.

మొదటిరోజే తగువు.

"లైనేశాడు, గాలమేశాడు, పిట్ట చిక్కింది. ఏంటండీ ఇవి? ప్రేమకెళ్లారా, వేటకెళ్లారా?" అందామె.

"నేను పుట్టించానా చెవులమ్మగారూ? ఏ చేపలవాడో ప్రేమలో పడుంటాడు."

"నలుగురితో తిరిగితే మగాడు హీరో. అదే ఆడపిల్లయితే ఆమెను అనే మాట టైపు చేయడానికి వేళ్లు రావట్లేదు."

"నన్ను తిట్టకండి. నాకు ఒక్కరితో తిరగడానికే దిక్కులేదు."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు వినడానికి బయట వాన కాసేపు ఆగిందట. అది వాడి కోతే అనుకోండి. కొన్నాళ్లకు అలాంటి వానలోనే ఇద్దరూ ఒకే గొడుగు కింద బస్‌స్టాపు దాకా నడిచిన మాట మాత్రం నిజం. బస్సెక్కుతూ ఆమె, "ఆదివారం ఇంటికి రండి. అమ్మ చూస్తానంది," అంది.

ఆ సాయంత్రమే వాడు టీకొట్టులో స్నేహితుల మధ్య రికార్డరు పెట్టాడు. మాటల్లో పడి, అది తిరుగుతోందన్న సంగతే మరిచాడు.

"మీ ఆఫీసు పిల్ల సంగతేంట్రా?" అన్నాడొకడు.

నిజం చెబితే నవ్వుతారని వాడికి బెరుకు. నోరేమో ఊరుకోదు.

"అదా? ఒక్క గొడుక్కే పడిపోయిందిరా. మనం పడేస్తే పడందెవరు?"

బల్లలదిరేలా నవ్వారు. మర్నాడు ఆ రికార్డరును వాడే తెచ్చి, ఈల వేసుకుంటూ ఆమె బల్లమీద పెట్టాడు.

మధ్యాహ్నం ఆమె హెడ్‌ఫోన్స్ తీసింది. ఆ చెవులకు చిన్న ఎర్రరాళ్ల పోగులున్నాయని వాడు గమనించడం అదే మొదలు.

"ఇక్కడ విన్నది విన్నట్టే టైపు చేయాలి కదా. చేశాను."

"అది... ఊరికే కోతండీ."

"మా అమ్మతో నేనూ మీ గురించి చెప్పాను. మంచివాడు, నవ్విస్తాడు అన్నాను. పడేశానమ్మా అనలేదు. అనుంటే నన్నేమనేదో మీకు తెలుసు. ఆ మాట తెచ్చింది కూడా మీరే."

పోగేసిన మాటల్లో ఒక్కటీ వాడి అక్కరకు రాలేదు.

"పడిపోయింది నేనండీ," అన్నాడు చివరికి.

"అది నిన్న వాళ్లముందు అనుంటే, ఇవాళ వినేదాన్ని కదా."

హెడ్‌ఫోన్స్ మళ్లీ పెట్టేసుకుంది.

ఆదివారం రమ్మని మళ్లీ ఎవరూ అనలేదు. నిఘంటువు అచ్చయింది. టీకొట్టులో వాడన్న వాక్యం పొల్లు పోకుండా అందులో ఉంది, పక్కన పేరు లేకుండా.

వాడు ఇప్పటికీ టీకొట్టులో కొండలు తెగ్గోస్తూనే ఉంటాడు. వాన రోజున ఎవరైనా గొడుగు మాటెత్తితే మాత్రం గ్లాసు దించి, వానలోకి చూస్తాడు.