వెనుక ఎవరూ లేరు

మా ఝరియా బొగ్గుగని కూలిన రోజున ప్రతి ఏడూ యూనియన్ గదిలో కూర్చుంటాం. మరమరాలు, పచ్చిమిరపకాయలు, టీ. మా జట్టులో జీతన్ ఒక్కడే పోయాడని, అదీ అక్కడికక్కడే పోయాడని కంపెనీ రాసుకుంది. గని నోరు మూసేసింది. మా కథ మేమే చెప్పుకోవాలి.

"నువ్వు చెప్పేకొద్దీ గని పొడుగవుతోందన్నా," అన్నాడు సోమ్రా.

"నీ గనిలో నీళ్లు పెరగట్లేదూ? నిరుడు మోకాళ్లదాకా, ఈ ఏడు మెడదాకా," అన్నాను.

తలుపులు మూసి, దీపం ఆర్పి, ఆనాడు బయటపడిన వరుసలోనే నిలబడి చెప్పుకుంటాం. ముందువాడి భుజం మీద చెయ్యి. ముందు నేను, తర్వాత సోమ్రా, చివర లఖన్. చివరివాడు "వెనుక ఎవరూ లేరు" అన్నాకే తలుపు తీయాలి. గనిలోనూ ఆ కేక విన్నాకే గేటు వేసేవారు.

లఖన్ మొన్న చలికాలం దగ్గుతో పోయాడు. అతని చోట ఈసారి జీతన్ భార్య సుగ్నీ నిలబడింది.

"ఆయన బతికుండగానే మీరు వదిలేసి వచ్చారా బావగారూ? అది తేలాలి నాకు."

దీపం ఆర్పాను. నా వంతు చెప్పాను. సోమ్రా చెప్పాడు. గదిలో తడిబొగ్గు వాసన... తలుపు సందులో ఇందాకటి మధ్యాహ్నపు ఎండ ఇప్పుడు కనబడలేదు.

"ఇక అనమ్మా, సుగ్నీ."

"అనను. ఆనాడు తన భుజం మీదా ఓ చెయ్యి ఉందని లఖన్ బావ పోయేముందు చెప్పాడు. భయపడి ఎవరూ లేరని అరిచాడట." ఆమె గొంతు తగ్గింది. "ఇప్పుడు నా భుజం మీద ఉంది."

గడియ లాగాను. తలుపు తోశాను. కదల్లేదు. చేతికి చెక్క తగల్లేదు... గరుకుగా, చల్లగా, బండ.

"అన్నా... నువ్వే అనెయ్యి," సోమ్రా గుసగుస.

నోరు తెరిచాను. కంపెనీ మాట నా నోటితోనా? చచ్చినా అనను.

"జీతన్... నడు. కలిసే పోదాం."

తలుపు తెరుచుకుంది. ఎండ.

సుగ్నీ వెనక్కి చూడలేదు. గుడ్డివాణ్ణి నడిపించినట్టు మెల్లగా ఇంటికి నడిచింది. మేం దూరంగా వెంట వెళ్లాం. ఆమె తలుపు బార్లా తీసి, దారిచ్చి, పక్కకు నిలబడింది.

"లోపల ఉండిపోయింది జీతన్ ఒక్కడే కదన్నా?" అన్నాడు సోమ్రా.

"ఒక్కడే."

"మరి ఆమె ఇంకా తలుపు పట్టుకునే ఉందేం?"