ప్రశ్నలతో కాగిన నీళ్ళు

షవర్ కింద థర్మామీటర్ పట్టుకుని నిలబడ్డ డాక్టర్ వకుళ సగం తడిసిపోయింది. అంకె ముప్పై ఆరు నుంచి యాభైకి ఎగిరి, అంతలోనే ఇరవైకి పడిపోయింది.

"చూసేవా తల్లీ! ఓసారి ఒళ్ళు కాలిపోతాది, ఓసారి కొంకర్లు పోతాది," అంది గుమ్మంలో నిలబడ్డ నూకరత్నం. "లోపల మా అమ్మాయి లోవకుమారి బాలింత. నెల తక్కువ పిల్ల. ఈ నీళ్ళని నమ్మి ఎలా పోసేది?"

దేవరమెట్ట కొండల మీది చలి ఊరు. చలిగాలి ఊరికే దొరుకుతుందని ఓ కంపెనీ అక్కడ డేటా సెంటర్ కట్టింది. దేశంలో ఎవరు ఫోన్‌ని ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పేది అక్కడి కంప్యూటర్లే. ఆలోచిస్తే కంప్యూటర్ వేడెక్కుతుంది. మనలో కొందరికి ఆ ప్రమాదం లేదనుకోండి, అది వేరే సంగతి. ఆ వేడిని పైపుల్లోకి లాగి, ఇళ్ళకు వెళ్ళే నీళ్ళకు ఎక్కించే ఏర్పాటు ఇంజినీరింగ్‌లో డాక్టరైన వకుళది. ఊరంతా మురిసిపోయి గీజర్లు పాతసామానుకి అమ్మేసుకుంది.

వకుళ షవర్‌కి పట్టిన గార గీకింది, వాల్వ్ మార్చింది. లాభం లేదు. ఇంతలో పక్కింటి టీవీలో వికెట్ పడి జనం గోల చేశారు. మరుక్షణం నీళ్ళు సలసలా కాగిపోయాయి.

"అయ్యో రామా!" అని నవ్వేసింది వకుళ. "తప్పు మీ షవర్‌ది కాదు పిన్నిగారూ. దేశమంతా ఒక్కసారే ఫోన్‌ని అడిగితే నీళ్ళు కాగుతాయి. అందరూ ఊరుకుంటే చల్లారిపోతాయి. సెంటర్ దగ్గర నీళ్ళు నిలవుండే పెద్ద ట్యాంక్ పెట్టిస్తే సర్దుకుంటుంది."

"దీని సిగతరగ! నా స్నానం దేశంలో వాగుడు మీద ఆధారపడిందా?"

ట్యాంక్ రాకముందే తుపాను వచ్చింది. కొండచరియ విరిగి రోడ్డుతోపాటు కరెంటు స్తంభాలు, బయటి కేబుల్ కొట్టుకుపోయాయి. సెంటర్‌కి సొంత కరెంటు ఉంది, ఊళ్ళో ఫోన్లు పలుకుతున్నాయి. కానీ బయట నుంచి ప్రశ్నలే రావు. పని లేని కంప్యూటర్లు చల్లబడి షవర్లో మంచునీళ్ళు పడ్డాయి. గ్యాస్ అయిపోయింది, కట్టెలు నానిపోయాయి. అప్పుడే పసిదాని పాదాలు చల్లబడ్డాయి.

"తల్లి గుండెలకు ఆనించండి. వేడినీళ్ళ సీసాలు గుడ్డలు చుట్టి పక్కన పెట్టండి, తొందరగా!" అంది చూడ్డానికొచ్చిన ఊరి నర్సమ్మ.

నూకరత్నం వానలోకి పరిగెత్తింది. "ఓలమ్మల్లారా, ఫోన్లు తియ్యండి! ఏదో ఒకటి అడగండి! నా మనవరాలు చల్లబడిపోతంది!"

వీధి మొత్తం అరుగుల మీదికి వచ్చింది. చేపలకి జలుబు చేస్తుందా అని పక్కింటి కన్నబాబు అడిగాడు. మా ఆయన గురక ఏ రాగమని ఒకావిడ. వచ్చే జన్మలో మా అత్త నాకు కోడలైతే ఎలా ఉంటుందో వివరంగా చెప్పమని ఇంకొకావిడ. పాపం, అన్నిటికీ ఓపిగ్గా జవాబులొచ్చాయి. ఒక వీధిని చూసి ఇంకో వీధి అందుకుంది. బాత్రూమ్‌లో వకుళ కేకలు పెడుతోంది: "ముప్పై! ఆపకండి! నలభై!"

సీసాలు నిండాయి. చాలాసేపటికి పసిదాని పాదాలు ఎర్రబడ్డాయి. గుక్కపట్టి ఏడ్చింది. నూకరత్నం కూడా ఏడ్చి, గడపగడపకీ వెళ్ళి చేతులు పట్టుకుంది. "మీ కడుపులు చల్లగుండ. మీ రుణం తీర్చుకోలేను."

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. నెల తిరక్కుండా కంపెనీ డైరెక్టర్ పూలదండలతో దిగాడు. తుపానులో సైతం ఇన్ని ప్రశ్నలడిగిన ఊరు దేశంలో ఇంకోటి లేదట. "ఇంతటి జ్ఞానదాహమున్న ఊరికి పాత కంప్యూటర్లా? వేడన్నదే ఎక్కని కొత్తవి పెట్టించాం!" అని సభలో ప్రకటించాడు.

వకుళ లేవబోయింది. నూకరత్నం చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఊరుకో తల్లీ. ప్రేమతో ఇచ్చాడు. ఆ పాతవి నా పిల్లని బతికించి మరీ వెళ్ళేయి, చాలు."

ఇప్పుడు దేవరమెట్ట షవర్లలో హెచ్చుతగ్గుల్లేవు. ఎప్పుడు తిప్పినా మంచునీళ్ళే. నూకరత్నం తెల్లారకముందే పెరట్లో కట్టెలపొయ్యి ముట్టించి, పెద్ద కాగు ఎక్కించి, ఇంటికో బిందె వేడినీళ్ళు ఇస్తోంది. ఎవరైనా మొహమాటపడితే కసురుకుంటుంది.

"పట్టుకెళ్ళండెహె! ఆవేళ మీరడిగిన ప్రశ్నలకి ఇది ఏ మూలకి?"