తొడల మీద వేళ్ళు

మధ్యాహ్నం కావడంతో స్కానింగు విభాగంలో సందడి లేదు. తమ్ముణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళవైపు నుంచి యంత్రంలోకి పంపించారు. నడుము దాకా గొట్టంలోకి వెళ్ళిపోయాడు. తలా, గుండె మీద ముడుచుకున్న రెండు చేతులూ బయటే ఉన్నాయి. అక్క పక్కగదిలో, అద్దానికి ఇవతల, స్కాన్ తీసే ఆవిడ పక్కనే కూర్చుంది.

ఈమధ్య వాడికి మెట్లెక్కడం గగనమైపోయింది. కింద కూర్చుంటే, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, అక్కణ్ణుంచి తొడల మీదికి జరుపుకుంటూ, తన ఒంటిని తనే ఎక్కుతున్నట్టు లేస్తాడు. నాన్నా అలాగే లేచేవాడు. కొన్నాళ్ళకి లేవలేకపోయాడు. ఆ తర్వాత నాన్నే లేడు. "వంశంలో వచ్చే కండరాల జబ్బేమో, చాలా అరుదు. తొడలు స్కాన్ తీస్తే తెలిసిపోతుంది" అన్నాడు డాక్టరు.

తెర మీద తొడలు రెండూ అడ్డంగా కోసిన దుంగల్లా కనిపించాయి.

"నల్లగా ఉన్నదంతా మంచి కండ. తెల్లబడిందంటే కండ పోయి కొవ్వు చేరినట్టు," అంది ఆవిడ మెల్లగా.

ముందువైపు నలుపు ఉంది. వెనకంతా తెలుపే. నాన్నకొచ్చిందే వీడికీ వచ్చింది, అనుకుంది అక్క. ఇంక అడగడానికేముంది?

తర్వాతి బొమ్మలు చెదిరిపోయాయి.

"కదలకు బాబూ," అంది ఆవిడ మైకులో.

"నేను కదల్లేదండీ." స్పీకర్లోంచి వాడి గొంతు సన్నగా వచ్చింది. "అక్కా... నా కాళ్ళు వదులు."

అక్క లేచి అద్దంలోంచి చూసింది. ఆ గదిలో వాడు తప్ప ఎవరూ లేరు.

"కాళ్ళకి కట్టిన బెల్టు బిగుసుకుని ఉంటుందిలే," అంటూ ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. యంత్రం దడదడలాడింది. ఎక్కణ్ణుంచో కాళ్ళనొప్పుల తైలం వాసన... నాన్న మంచం దగ్గర వచ్చే వాసన.

ఈసారి బొమ్మ స్పష్టంగా వచ్చింది. ఒక్కో తొడనీ అంటుకుని చిన్న చిన్న గుండ్రాలు. అయిదేసి.

"తొడల మీంచి చేతులు తియ్యి బాబూ. వేళ్ళు పడుతున్నాయి."

"నా చేతులు గుండె మీదే ఉన్నాయండీ."

నిజమే. అద్దంలోంచి ఇద్దరికీ కనిపిస్తూనే ఉన్నాయి.

మరో స్కాన్. వేళ్ళు ఇంకాస్త పైన ఉన్నాయి. ఇంకోటి... ఇంకా పైన. ఇప్పుడు అరచేతులు కూడా పడ్డాయి. వాటిలో కండన్నది లేదు. అంతా తెలుపే.

పాకుతున్నాయి. మెల్లగా... నడుమువైపు.

"ఆపండి," అంది అక్క.

బల్ల బయటికి జారింది. అక్క లోపలికి పరిగెత్తి వాడి తొడలు తడిమి చూసింది. ఏమీ లేదు. చర్మం మాత్రం మంచులా ఉంది. తమ్ముడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఎవరో నన్ను ఆసరా చేసుకుని లేవబోయారక్కా," అన్నాడు గుసగుసగా.

"నాన్నేరా," అంది. ఎందుకలా అనేసిందో తనకే తెలీదు. కానీ అన్నాక గుండె కొంచెం కుదుటపడింది. "నాన్న నిన్నేం చేస్తాడు? భయపడకు."

అంతలో స్కాన్ తీసే ఆవిడ గుమ్మంలోకొచ్చి, రమ్మని సైగ చేసింది. తెర మీద చివరి బొమ్మ అలాగే ఉంది.

"బొటనవేళ్ళు చూడమ్మా," అంది, వాడికి వినపడకుండా. "ఒకటి లోపలివైపుంది. ఒకటి బయటివైపు..."

అక్కకి అర్థం కాలేదు.

"రెండూ కుడిచేతులే."