ఖాదర్ మామిడి కంటైనర్

ఏజెంట్ మునిప్రసాద్ శవం బంగారుపాళ్యంలో, ఒక గుజ్జు ఫ్యాక్టరీ వెనక మామిడి టెంకల గుట్టలో దొరికింది. గుండెలో ఒకటే బుల్లెట్.

ఆ సాయంత్రమే చిత్తూరు లాడ్జిలో చీఫ్ అమర్‌నాథ్ ఏజెంట్ రేవతికి మిషన్ అప్పజెప్పాడు.

"విదేశీ ముఠా పనమ్మా ఇది. డ్రమ్ముల్లో పోయేది ఖరీదైన ఖాదర్ మామిడి గుజ్జు. బిల్లులో రాసేది చౌక బెంగుళూరా. తేడా డాలర్లు బయటి దేశంలోనే నిలిచిపోతాయి. వాటితో తుపాకులు కొంటారు."

"డాలర్లు రాకుంటే మనకేమైతాది సార్?"

"పెట్రోలుకైనా, మందులకైనా బయటోడు మన రూపాయి తీసుకోడు. సరుకమ్మి తెచ్చుకున్న డాలర్లే ఇయ్యాల. విదేశీ మారకమంటే అదే."

"లోపల మనోళ్లెవరు?"

"ఎక్స్‌పోర్ట్ మేనేజర్ ఐశ్వర్య. కానీ మునిప్రసాద్ ఎవరో తెలిసింది ఆమెకొక్కదానికే."

పొద్దున్నే రేవతి వెలిసిన చీర కట్టుకుని ఫ్యాక్టరీలో కాయలు కోసే ఆడవాళ్లలో కలిసిపోయింది. చేతి గాజులో వైర్‌లెస్. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో ఐశ్వర్య వచ్చేసరికి కత్తులన్నీ ఆగిపోయాయి.

"సొన కారతా ఉండాదే," అంది రేవతి. అది కోడ్.

"తుడిస్తే పోతాది," అని బదులిచ్చి, ఐశ్వర్య గొంతు తగ్గించింది. "కంటైనర్లో అంతా బెంగుళూరానే అక్కా. ఇంటికి పో."

రేవతి లోడింగ్ షెడ్డుకెళ్లి ఒక డ్రమ్ము మూత తీసింది. గుప్పున ఖాదర్ వాసన. వెనక్కి తిరిగితే ఐశ్వర్య నిలబడి ఉంది.

"అబద్ధమెందుకే? మునిప్రసాద్‌ను పట్టించింది కూడా నువ్వేనా?"

ఐశ్వర్య అద్దాలు తీసింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "నా చంటిబిడ్డ బయట కంటైనర్ లారీ క్యాబిన్లో ఉండాడక్కా. సరుకు హార్బర్ చేరితేనే ఇస్తామన్నారు. అందుకే మునిప్రసాద్ పేరు చెప్పినాను. సంపేస్తారనుకోలా."

తిరుపతిలో అత్త దగ్గర వదిలొచ్చిన తన చంటిపాప రేవతి కళ్లముందు మెదిలింది.

బయట లారీ స్టార్టయింది. రేవతి గాజు నోటి దగ్గర పెట్టుకుంది.

"సార్, జీపు యాడుండాది?"

"హైవే దిగినాం. ఆపు, ఎట్లయినా ఆపు!"

రేవతి డ్రమ్మును కాలితో తన్నింది. గేటు ముందు ఏటవాలు మీదుగా గుజ్జు పారింది. చక్రాలు జర్రున జారి, లారీ గేటు స్తంభానికి ఆనుకుని ఆగిపోయింది. క్యాబిన్‌లోంచి దూకినవాడు రేవతికి గురిపెట్టాడు. పేలేలోపు ఐశ్వర్య అడ్డం వచ్చింది, తూటా ఆమెకు తగిలింది.

పోలీసులు వాడిని పట్టుకునేటప్పటికి రేవతి క్యాబిన్‌లోంచి బిడ్డను దించి తెచ్చింది. ఐశ్వర్య చేయి బిడ్డ పాదం దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

ఫ్యాక్టరీ మెట్ల మీద కూర్చున్న రేవతి దగ్గరికి అమర్‌నాథ్ వచ్చాడు.

"శభాషమ్మా! ఢిల్లీవాళ్లు నిన్ను రమ్మంటా ఉండారు. ఫ్లైట్ రెడీ."

రేవతి కళ్లు తుడుచుకుని, పైట కప్పి, ఏడుస్తున్న బిడ్డను రొమ్ముకు చేర్చుకుంది.

"కాసేపు ఆగమనండి సార్. ఈడ ఢిల్లీ కంటే పెద్దాఫీసరు ఆకలి మీదుండాడు."