రికార్డుకు రెండో పక్క

బందరు కోనేరు సెంటరుకు రెండు సందుల అవతల లాల్ రేడియో రిపేరు కొట్టు. ముందుగది కొట్టు, వెనకగది కాపురం. శుక్రవారం కొట్టు తెరవడు. అలాగని ఊరికే కూర్చోడు. కాలు కాలిన పిల్లిలా ముందుగదికీ వెనకగదికీ తిరుగుతూ, బాగానే పాడుతున్న రేడియోని విప్పి మళ్ళీ బిగిస్తాడు.

అతని సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. పదేళ్ళ కిందట, పద్దెనిమిదేళ్ళప్పుడు, ఒక సాయంత్రం టౌన్‌హాల్లో నలుగురు కాలేజీ కుర్రాళ్ళు కరెంటు గిటార్లు పట్టుకుని ఇంగ్లీషులో అరిచారు. లైట్‌హౌస్ ఫోర్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ స్పీకరు అట్ట చిరిగి ఉంది. గిటారు మీటితే రంపంతో రేకు కోసినట్టు మోగింది. పెద్దలు చెవులు మూసుకుని లేచిపోయారు. చివరి వరసలో నిలబడ్డ లాల్‌కు మాత్రం ఒళ్ళంతా పులకరించింది. ఆ రోజు చెవిలో దూరిన జోరీగ ఇప్పటికీ బయటికి రాలేదు.

ఆ కుర్రాళ్ళు మద్రాసు వెళ్ళి ఒకే ఒక్క చిన్న రికార్డు వేయించుకున్నారు. ఉన్న డబ్బుకు ఒక పక్కే వచ్చింది. రెండో పక్క గీతల్లేకుండా నున్నగా వదిలేశారట. తర్వాత నలుగురూ ఉద్యోగాలకు తలోదారీ పట్టారు. రికార్డు ఎవరి దగ్గరా లేదు. లాల్ మద్రాసు పాతసామాన్ల అంగళ్ళన్నీ గాలించాడు, బెజవాడ గాలించాడు, చివరికి గుడివాడలో తనలాంటి పిచ్చివాణ్ణి ఒకణ్ణి మాత్రం సంపాదించుకున్నాడు. ఆయన పేరు ప్రకాశరావు, బట్టల కొట్టు. గోలగా మోగే గిటారు పాటలంటే ఆయనకూ ప్రాణం. రికార్డు దొరికితే రెండు పక్కలూ వినకుండా పెట్టెలో పెట్టకూడదని వాళ్ళిద్దరి మధ్యా ఒక నియమం. రెండో పక్క వినకపోతే రికార్డు ఉసురు తగులుతుందని ప్రకాశరావు అంటాడు.

ఆ నవంబరులో ప్రకాశరావు దగ్గర్నుంచి కార్డుముక్క వచ్చింది.

"లాల్ గారూ, మన రికార్డు దివిసీమలో ఉంది. నాగాయలంక అవతల పల్లెలో పోతురాజు అని మైక్‌సెట్టు అతను ఊరేగింపుల్లో వేసేవాడట. నిరుడు ఉప్పెనలో పోయాడు. పెట్టె వాళ్ళ అమ్మ దగ్గరుంది. నేను వెళ్ళాను. మా వాణ్ణి ఎరుగుదువా అని అడిగింది. ఎరగనని నిజం చెప్పాను. ఇవ్వలేదు. చూపించను కూడా లేదు. నిజం చెప్పడమే మంచిదయిందని తర్వాత అనిపించింది. ఎందుకో రాయలేను."

చివరి రెండు వాక్యాలూ లాల్ చదివాడో లేదో. శుక్రవారం తెల్లవారేసరికి చొక్కా తొడుక్కుని గుమ్మంలో ఉన్నాడు.

"ఏమండీ, ఇవాళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామన్నారు" అంది జైనాబ్.

పెళ్ళయి ఆరేళ్ళు. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎత్తడానికే ఇద్దరికీ భయం. దర్గాలో మొక్కుకున్నారు, మందులు మింగారు. బిడ్డ కోసం లాల్‌కు బెంగ లేదని కాదు. రాత్రిళ్ళు నిద్రపట్టక అటూ ఇటూ దొర్లేది దాని కోసమే. ఆ బెంగ నుంచి పారిపోవడానికే ఇలా రికార్డుల వెంట పడతాడేమో కూడా.

"వచ్చే శుక్రవారం తప్పకుండా" అన్నాడు.

"నమాజుకైనా ఉండరా?"

అప్పటికే సందు మలుపు తిరిగాడు.

పులిగడ్డ దాటేదాకా బస్సులో కిటకిట. అవనిగడ్డలో మారిన బస్సు సగం ఖాళీ. నాగాయలంక నుంచి నడక. పోయేకొద్దీ తాటిచెట్లకు తలల్లేవు. పొలాల్లో తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఊరు ఉన్నచోట ఊరు లేదు. కొత్తగా కట్టించిన సిమెంటు ఇళ్ళు వరసగా ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం కూడా ఒక్క కోడి కూత లేదు. ఎక్కడ నిలబడ్డా బురద వాసన. ఏడాది నుంచి ఎండుతున్నా ఎండని బురద.

పోతురాజు తల్లి రావమ్మ అరుగు మీద కూర్చుని పాత చీరముక్కతో రికార్డులు తుడుస్తోంది. తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ తుడుస్తోంది. లాల్ ఆ పెట్టె చూశాడు. నల్లటి రికార్డుల మధ్య ఎర్ర లేబులుతో చిన్నది.

"ఎవరు బాబూ?"

"పోతురాజు స్నేహితుణ్ణమ్మా."

"ఆడి స్నేహితులు అందరూ నాకు తెలుసు." ఆమె తల ఎత్తలేదు. "తెలిసినోళ్ళకైతే ఇస్తాను. ఆడి చేతి సామాను అది. ఎవరికి పడితే వాళ్ళకి ఇయ్యను."

లాల్ నాలుక మీద అబద్ధం అప్పటికే సిద్ధంగా ఉంది. దారి పొడుగునా దాన్ని నునుపు చేసుకుంటూనే వచ్చాడు. పోతురాజు ఒక పెళ్ళికి మైకు కట్టి ఆ రోజే పోయాడని నాగాయలంక టీకొట్టులో విన్నాడు.

"ఆ రోజు పెళ్ళికి నన్నూ పిలిచాడమ్మా. బస్సు అందక రాలేకపోయాను."

చీరముక్క ఆగింది. రావమ్మ తల ఎత్తి అతని మొహంలోకి చూసింది. తర్వాత ఎర్ర లేబులు రికార్డు తీసి అతని చేతిలో పెట్టింది. ఏది కావాలో అతను చెప్పనేలేదు. సంతోషంలో లాల్‌కు ఆ సంగతి తట్టలేదు.

"ఈ చుట్టుపక్కల ఎవరూ ఆ మాట అనరు బాబూ" అంది మెల్లగా. "పిలుపు అందుకున్నోళ్ళు కూడా మమ్మల్ని పిలవలేదనే చెబుతారు."

"ఎందుకమ్మా?"

"తాళి కట్టకముందే నీళ్ళొచ్చినయ్. ఆ పెళ్ళి ఇంకా అవలేదు." చీరముక్క మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "రావలసినోళ్ళ కోసం చూస్తా ఉంటారు గదా."

ఎవరు చూస్తారని అడగబోయాడు లాల్. కానీ రికార్డు చేతిలో ఉంది. దండం పెట్టి గబగబా నడిచాడు. పిచ్చి ముసలమ్మ, పాపం అనుకున్నాడు. జేబుగడియారం తీసి టైము చూసుకున్నాడు, రెండు. పేరు గాని, ఊరు గాని ఆమె అడగలేదు, తను చెప్పలేదు. అదీ మంచిదే అనుకున్నాడు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. సన్నగా జల్లు. జైనాబ్ మొహం వెలిగిపోతూ ఎదురొచ్చింది.

"ఏమండీ, ఇవాళ రెండు సంగతులు..."

"తర్వాత. తర్వాత చెబుదువు గాని" అంటూ ముందుగదిలోకి దూరి తలుపు వేసుకున్నాడు.

సబ్బునీళ్ళతో, మెత్తటి గుడ్డతో రికార్డు కడిగాడు. పళ్ళెంలో నీళ్ళు నల్లబడ్డాయి. మార్చాడు. మళ్ళీ నల్లబడ్డాయి. మూడోసారి కూడా. ఇంత పల్చటి గీతల్లో ఇంత బురద ఎక్కడ పట్టిందో. రికార్డు కాస్త వంగింది కాబట్టి ముల్లు ఎగరకుండా దాని తల మీద పదిపైసల బిళ్ళ పెట్టి ఆడించాడు.

గరగర. తర్వాత డ్రమ్ము. తర్వాత అదే చిరిగిన స్పీకరు, అదే రంపం...

లాల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదేళ్ళు వెతికింది ఇదే. రెండున్నర నిమిషాలు అతను ఎక్కడా కదల్లేదు. కాలు నిలిచింది, చేయి నిలిచింది. జీవితంలో మొదటిసారి ఒకచోట కుదురుగా కూర్చున్నాడు.

పాట అయిపోయింది. రికార్డు తీసి పెట్టెలో పెట్టబోతూ ఆగాడు.

నియమం నియమమే. రెండో పక్క వినాలి.

తిప్పి చూశాడు. విన్నది నిజమే. ఒక్క గీత లేదు. నల్లటి అద్దంలా ఉంది, అందులో తన మొహమే కనపడింది. ఇలాంటి దాని మీద ముల్లు నిలవదు, జర్రున మధ్యకు జారిపోతుంది. అది జారే చప్పుడు విని ప్రకాశరావుకు ఉత్తరం రాయవచ్చనుకుని, నవ్వుకుంటూ ముల్లు దించాడు.

జారలేదు.

ముల్లు అంచు దగ్గరే కూర్చుంది. మెల్లగా... చాలా మెల్లగా... గీత ఉన్నట్టే లోపలికి నడవసాగింది.

మొదట గాలి. మైకులో గాలి కొట్టినప్పుడు వచ్చే బుసబుస. వెనకాల ఎక్కడో సన్నాయి, శ్రుతి తప్పి. తర్వాత మగగొంతు.

"హలో... హలో... మైక్ టెస్టింగ్..."

మైక్‌సెట్టు వాళ్ళందరికీ ఉండే గొంతే అది. ముక్కుతో పలికే గొంతు.

"చదివింపులు. అవనిగడ్డ నుంచి పెళ్ళికూతురి మేనమామ శోభనాద్రి గారు... వెండి కుంకుమభరిణె."

వెనక జనం గుసగుస. నవ్వులు.

"మోపిదేవి నుంచి నాగమల్లేశ్వరి గారు... పట్టుచీర."

లాల్ ముల్లు ఎత్తబోయాడు. చేయి లేవలేదు. గదిలో బురద వాసన. మధ్యాహ్నం పొలాల్లో పీల్చిన వాసనే.

"బంటుమిల్లి నుంచి వెంకటస్వామి గారు..."

ఈసారి కానుక పేరు చదవలేదు. నవ్వులు ఆగాయి. సన్నాయి ఆగింది. దూరంగా ఏదో పెద్ద హోరు. దగ్గరికి వస్తోంది... ఆ గొంతు మాత్రం తొణకలేదు. పేర్లు చదువుతూనే ఉంది. ఒక్కో పేరు తర్వాత కాస్త ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ ఎవరో దగ్గరగా, తడిగా, "వచ్చాం" అంటున్నారు.

సువర్ణ గారు... వచ్చాం.

సుబ్బారావు గారు... వచ్చాం.

ముల్లు మధ్యకు చేరుతోంది. ఇంకా రెండు చుట్లు. ఒక చుట్టు...

"బందరు నుంచి... రేడియో రిపేరు లాల్ గారు."

నిశ్శబ్దం. హోరు కూడా ఆగింది.

"లాల్ గారు..."

లాల్ నోరు తెరుచుకుంది. ఏం అనబోయాడో అతనికే తెలియదు. రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు.

"లాల్ గారు ఎక్కడున్నా... సకుటుంబంగా... పందిరి దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాం."

మోచేత్తో కొట్టాడు. ముల్లు ఎగిరిపడింది. పదిపైసల బిళ్ళ నేల మీద దొర్లి, దొర్లి, తలుపు కింద నుంచి వెనకగదిలోకి పోయింది. రికార్డు ఉత్తినే తిరుగుతోంది. అల్లా, అల్లా అనుకుంటూ వైరు పీకేశాడు.

రేపు పొద్దున్నే ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్ళాలి. కాళ్ళ మీద పడాలి. నన్నెవరూ పిలవలేదమ్మా, అబద్ధం చెప్పాను అని చెప్పాలి. అదే నిజం. పిలుపు అందలేదు, పిలుపు అందుకోలేదు, అంతే. ఆ మాట అనుకున్నాక కాస్త ఊపిరి ఆడింది.

తలుపు తెరుచుకుంది. జైనాబ్ పదిపైసల బిళ్ళ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరండీ, లోపల మాట్లాడుతున్నారు?" గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరూ లేరు. రేడియో."

"పోనీ ఇప్పుడైనా వింటారా? రెండు సంగతులన్నాను." సిగ్గుపడుతూ నవ్వింది. "ముందు చిన్నది చెబుతాను. మధ్యాహ్నం రెండింటికి ఒకావిడ పెళ్ళికి పిలవడానికి వచ్చింది. పాపం, ఎక్కడ తడిసిందో, ఒళ్ళంతా నీళ్ళు కారుతోంది. అప్పటికి ఇక్కడ చినుకైనా లేదు. మనకు బొట్టు పెట్టరు కదా, అందుకని అక్షింతలు చేతిలో పోసింది."

"నువ్వు... ఏమన్నావు?"

"ఏమంటాను? ఇంటికొచ్చి పిలిస్తే. తప్పకుండా వస్తామన్నాను. రేపు శనివారమేనట."

లాల్ కౌంటరు బల్ల పట్టుకున్నాడు.

"వింతేమిటంటేనండీ" అంది జైనాబ్, కొంగు ముడి విప్పుతూ. ముడిలోంచి నీళ్ళు కారి గచ్చు మీద పడుతున్నాయి. "మీకొక గుప్పెడు, నాకొక గుప్పెడు పోసింది. చాలమ్మా, ఇద్దరమే అన్నాను. నవ్వి మూడో గుప్పెడు కూడా పోసింది. నేను పొద్దున డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చి, ఇంకా ఎవరికీ చెప్పనేలేదు."